ఆకుపచ్చ సింహం, ఆముదపు సింహం, మంగళగిరి సింహం

లేదు. మీరు చూసిన బొమ్మలో సూర్యుణ్ణి కొరుకుతున్న ఆకుపచ్చ సింహానికీ, మన మంగళగిరి నరసింహస్వామికీ ఏ చుట్టరికమూ లేదు. ఈ మాట ముందే చెప్పేస్తే మిగిలింది తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.

మీరు అడిగింది ఇది. విజయవాడ ఏలూరు రోడ్డులో కొన్న ఒక ఆధ్యాత్మిక పుస్తకంలో ఆ బొమ్మ ఉంది. కింద "సింహం అంటే అహంకారం" అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. అంతకుముందు మీరు చదివిన నార్నియా నవలలో సింహం దేవుడంతటిది. ఇంట్లో గోడమీద నరసింహస్వామి పటం. ఈ మూడూ ఒకటేనా, జంతు ప్రతీకలకు నిఘంటువు ఏదైనా ఉందా అని మీ సందేహం. కొండవీడు నేపథ్యంగా ఒక రసవాది (మామూలు లోహాన్ని బంగారం చేయజూసేవాడు) కథ రాస్తున్నాననీ, అందులో సింహాన్ని పెట్టవచ్చా అనీ చివర్లో ఇంకో ప్రశ్న చేర్చారు.

నేను ఆయుర్వేద వైద్యుణ్ణి. గుంటూరు బ్రాడీపేటలో వైద్యం చేస్తూ చాలాకాలం రసశాస్త్రం పాఠాలు చెప్పాను. పాదరసం, గంధకం, అభ్రకం (మైకా), లోహాలతో మందులు చేసే శాస్త్రం అది. ఐరోపా రసవాదుల పుస్తకాలు పట్టుకోవడానికి కారణం భక్తి కాదు, అక్కడివాళ్లు గంధకాన్ని ఏం చేశారో చూద్దామన్న వృత్తి కుతూహలం. కాబట్టి నా సమాధానం కాస్త పొయ్యి వాసన వేస్తుంది, ఏమీ అనుకోకండి.

నిఘంటువులు ఉన్నాయి. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి వెళితే ఏదో ఒక స్టాలులో కనిపిస్తాయి. సింహం అంటే రాజసం, నక్క అంటే జిత్తులు, పాము అంటే కుండలిని, హంస అంటే ఆత్మ. నా మాట వింటే వాటి జోలికి వెళ్లకండి. ఈ తరహా పుస్తకాల్లో జంతువు పేరు చూసి అర్థం కట్టేవాళ్లు మొదటి మలుపులోనే దారి తప్పుతారు. చూడవలసింది ఆ జంతువు ఏం చేస్తోందని. తింటోందా, దాన్నే ఎవరైనా తింటున్నారా? కాపలా కూర్చుందా, ఎవరినైనా మోస్తోందా, చచ్చి మళ్లీ లేస్తోందా? అర్థమంతా ఆ పనిలోనే ఉంటుంది. సింహం ఆ పనికి వేసిన వేషం.

మీ బొమ్మతోనే చూద్దాం. 1550లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో అచ్చయిన 'రోజేరియం ఫిలసోఫోరమ్' అనే లాటిన్ గ్రంథంలోని చెక్క అచ్చు నుంచి ఆ సంప్రదాయం బాగా ప్రచారంలోకి వచ్చింది. సింహం సూర్యబింబాన్ని నోట కరిచింది, నెత్తురు కారుతోంది. రసవాదుల సంకేత భాషలో సూర్యుడు బంగారం, చంద్రుడు వెండి. ఇందులో ఎవరికీ పేచీ లేదు. అప్పుడు మన ప్రశ్న "సింహం దేనికి గుర్తు" అన్నది పోయి "బంగారాన్ని తినగలిగేది ఏది" అన్నది అవుతుంది.

మామూలు ఆమ్లాలు వేటికి అవిగా బంగారాన్ని ఏమీ చేయలేవు. నత్రికామ్లం, హైడ్రోక్లోరికామ్లం కలిస్తేనే అది కరుగుతుంది. ఇంటర్మీడియట్‌లో ఆక్వారీజియా అని చదివే ఉంటారు. ఆ రోజుల్లో అక్కడికి చేరడానికి ఒక దారి ఉండేది. అన్నభేదినీ సురేకారాన్నీ (పొటాషియం నైట్రేటు) కలిపి బట్టీ పెట్టి ద్రావకం దించేవారు. అందులో నవాసాగరం (అమ్మోనియం క్లోరైడు) కలిపేవారు. అన్నభేదిని ఎప్పుడైనా చూశారా? లేత ఆకుపచ్చ స్ఫటికాలు. గాలికి వదిలేస్తే పైన గోధుమరంగు పొడి పడుతుంది. ఇనుము, గంధకం కలిసిన లవణం అది. ఆ పచ్చరాయితో మొదలైన ద్రావకం చివరికి బంగారాన్నే మింగేస్తుంది. ఆకుపచ్చ సింహానికి చెప్పిన వివరణల్లో నాకు అన్నిటికన్నా నమ్మకం కుదిరింది దీని మీదే. మరికొందరు అదే పేరును ఆంటిమొనీ అనే మూలకపు ఖనిజానికి పెట్టుకున్నారు. ఈ సింహం వెంటపడ్డవారిలో న్యూటన్ కూడా ఉన్నాడు. అవును, ఆ న్యూటనే. రసవాదం మీద ఆయన వదిలివెళ్లిన రాతలు దాదాపు పది లక్షల మాటలు. ఆయన సింహం ఏ ఖనిజమైనా సరే, అహంకారం మాత్రం ఆ బొమ్మలో ఎక్కడా లేదు.

తోడేలు కథ ఇంకా రుచిగా ఉంటుంది. బాసిల్ వాలెంటైన్ అనే పేరుతో 1599లో 'పన్నెండు తాళపుచెవులు' అనే గ్రంథం వచ్చింది. మొదటి తాళపుచెవిలో చెప్పిన విధానం సారాంశం ఇది. భయంకరమైన బూడిదరంగు తోడేలును పట్టి, రాజు శరీరాన్ని దానికి ఆహారంగా వేయాలి. అది రాజును మింగాక పెద్ద మంట పెట్టి తోడేలును పూర్తిగా కాల్చేయాలి. రాజు బయటపడతాడు. మూడుసార్లు ఇలా చేయాలి. మంత్రగాళ్ల కథలా ఉంది కదా? లోహం కరిగించే పని తెలిసినవారికి ఇది నిక్కచ్చి పనిచీటీ. రాజు అంటే రాగి, వెండి కలిసిన కల్తీ బంగారం. తోడేలు అంటే ఒకప్పుడు సుర్మాకు నూరిన నల్లరాయి, అంటే గంధకంతో కూడిన ఆంటిమొనీ ఖనిజం. రెండింటినీ మూసలో, అంటే లోహం కరిగించే పాత్రలో కలిపి కరిగిస్తే ఖనిజంలోని గంధకం రాగినీ వెండినీ పట్టుకొని పైకి తేలుతుంది. బంగారం ఆంటిమొనీతో కలిసి అడుగుకు దిగుతుంది. పైతెట్టు తీసేసి, అడుగు ముద్దను గాలి తగిలేలా గట్టిగా కాలిస్తే ఆంటిమొనీ తెల్లటి పొగై లేచిపోతుంది. మూసలో మిగిలింది మేలిమి బంగారం. ఒక్క విడతలో కల్తీ అంతా పోదు కాబట్టి మూడుసార్లు.

అసలు మెలిక ఆ విధానం చివర్లో ఉంది. మూడు విడతలూ అయ్యేసరికి సింహం తోడేలును జయించిందనీ, తినడానికి దానిలో ఇక ఏమీ మిగల్లేదనీ వాలెంటైన్ అంటాడు. ఈ సింహం ఎవరు? బంగారమే. మీ బొమ్మలో బంగారాన్ని తినేది సింహం, ఇక్కడ బంగారమే సింహం. ఒకే విద్య, ఒకే తరహా పుస్తకాలు, ఒకే జంతువు, పాత్రలు మాత్రం తారుమారు. ఏ నిఘంటువు సర్దుతుంది దీన్ని?

పక్షుల సంగతి త్వరగా ముగిస్తాను, ఎందుకంటే అది తేలిక. మూసలో పదార్థం నల్లబడితే కాకి, రంగులు రంగులుగా మెరిస్తే నెమలి తోక, తెల్లబడితే హంస, చివరికి ఎర్రబడితే ఫీనిక్స్. అవి పనిలో వచ్చే దశల గుర్తులు. పెలికాన్ అనేది ఏకంగా ఒక గాజు పాత్ర పేరు. ఆవిరి పైకి వెళ్లి రెండు గొట్టాల గుండా మళ్లీ పాత్ర పొట్టలోకే దిగుతుంది, ఆ పక్షి తన రొమ్మును తానే పొడుచుకుంటున్నట్టు.

మనవైపు పద్ధతి వేరు. మన రసాచార్యులు బొమ్మలు పెద్దగా వేయలేదు. జంతువులను మాటల్లో పెట్టారు, అదీ చాలా సూటిగా. అభ్రకాన్ని నాలుగు రకాలుగా విడదీసిన తీరు చూడండి. నిప్పుల్లో వేస్తే రేకులు రేకులుగా విచ్చుకునేది పినాకం. పాములా బుసకొట్టేది నాగం. కప్పలా ఎగిరి బయట పడేది మండూకం. ఏ మార్పూ లేకుండా అలాగే ఉండేది వజ్రం, మందుకు పనికొచ్చేది అదొక్కటే. పాదరసానికి చెప్పిన గతుల్లో హంస గతి ఒకటి. ఉన్నట్టుండి చేతికి అందకుండా పోయే చురుకుదనం అది. ఇక పిడకలు పేర్చి భస్మాలు కాల్చే పుటాలకు గజపుటం, వరాహపుటం, కుక్కుటపుటం, కపోతపుటం అని పేర్లు. వాటిలో ఆధ్యాత్మికత వెతికితే నవ్వుతారు, పుటం ఎంత పెద్దదో చెప్పే కొలతలవి.

కజ్జలి చేయడం పక్కన కూర్చొని చూస్తే ఈ భాష ఎక్కడ పుట్టిందో తెలుస్తుంది. కల్వంలో, అంటే మందులు నూరే రోట్లో, శుద్ధి చేసిన పాదరసం, శుద్ధ గంధకం వేసి నూరుతాం. మొదట పాదరసం చిన్న చిన్న గుళ్లుగా విడిపోయి రోకలి కింద నుంచి జారిపోతూ ఉంటుంది, ఎంత నొక్కినా దొరకదు. నూరగా నూరగా గంధకం పసుపురంగు కాస్తా బూడిదరంగుకు తిరుగుతుంది. ఇంకా నూరితే కాటుకలా నల్లబడుతుంది. అప్పుడు చిటికెడు వేలికి రాసుకొని ఎండలో చూడాలి. ఒక్క తళుకు కూడా కనపడకూడదు, పొడి వేలి గీతల్లోకి దిగిపోవాలి. తళుకు ఉంటే పాదరసం ఇంకా విడిగా ఉన్నట్టే, మళ్లీ నూరుడే. ఐరోపా రసవాది ఈ కల్వాన్ని చూసి ఉంటే కాకిని గీసేవాడు. మనవాళ్లు పాదరసాన్ని శివుడి వీర్యమనీ, గంధకాన్ని పార్వతి రజస్సనీ అన్నారు. వేషాలు వేరు, కళ్లముందు జరిగిన పని ఒకటే.

మన వైద్యంలోనూ సింహం ఉంది. భావప్రకాశమనే ఆయుర్వేద గ్రంథంలో ఒక శ్లోకం చెబుతుంది: శరీరమనే అడవిలో తిరిగే ఆమవాతమనే గజరాజును ఒంటరిగా చంపగలిగే సింహం ఆముదం. కీళ్లు పట్టేసిన రోగికి ఈ శ్లోకం వినిపించి ఆముదం తాగించడం నాకు సరదా. "సింహం అంటే అహంకారం" అని రాసిన ఆ పుస్తక రచయితకు కూడా ఒక చెంచా ఇవ్వాలని ఉంది.

ఆయన్ను మరీ తప్పుపట్టను. ఆ ధోరణికి ఒక పెద్దమనిషి మూలం ఉంది. 1944లో స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త కార్ల్ యూంగ్ మనస్తత్వ శాస్త్రాన్నీ రసవాదాన్నీ కలిపి ఒక ఉద్గ్రంథం ప్రచురించాడు. మూసలో జరిగే మార్పులు మనిషి లోపల జరిగే మార్పులకు ప్రతిబింబాలని ఆయన వాదం. కనీసం ఆయన బొమ్మల్ని ఓపికగా చూశాడు. ఆయన తర్వాత వచ్చినవారు చాలామంది బొమ్మను వదిలేసి శీర్షికను ఉంచుకున్నారు. ముందు మూసలో ఏం జరిగిందో తెలుసుకొని, ఆ తర్వాత మనసులోకి వెళ్లండి. ఆ వరుస తిరగబడితే ఏ జంతువైనా అహంకారమే అవుతుంది.

ఇక మత గ్రంథాల సింహం. గుంటూరులో పెరిగారు కాబట్టి బైబిలు మాటలు మీ చెవిన పడే ఉంటాయి. పేతురు రాసిన మొదటి పత్రికలో ఎవరిని మింగుదునా అని వెతుకుతూ తిరిగే గర్జించు సింహం సాతాను. అదే బైబిలు చివర ప్రకటన గ్రంథంలో యూదా గోత్రపు సింహం క్రీస్తు. అక్కడ ఇంకో చిత్రం ఉంది. సింహం జయించిందని పెద్ద చెబుతాడు, యోహాను తలెత్తి చూస్తే కనిపించేది వధింపబడిన గొర్రెపిల్ల. ఒక్క గ్రంథంలో ఒకే జంతువుకు రెండు కొసలు. తేడా మళ్లీ పనిలోనే ఉంది: ఒకటి మింగడానికి తిరుగుతోంది, ఇంకొకటి జయించింది, ఆ జయం చావు ద్వారా వచ్చింది.

మీ నార్నియా సింహం ఈ దారిలోనిది, అయితే దానికి మరో పాత చుట్టం కూడా ఉంది. క్రీస్తు తర్వాత తొలి శతాబ్దాల్లో గ్రీకులో 'ఫిజియోలోగస్' అని ఒక జంతువుల పుస్తకం పుట్టింది. అందులో సింహం తోకతో తన అడుగుజాడలు చెరిపేస్తుంది. కళ్లు తెరిచే నిద్రపోతుంది. ఆడసింహం చచ్చిన పిల్లల్ని కంటుంది, మూడో రోజున తండ్రి వచ్చి వాటి ముఖాల మీద ఊదగానే బతుకుతాయి. అడవిలో ఇవేవీ జరగవు. క్రీస్తు మూడో రోజు పునరుత్థానానికి సరిపోయేలా సింహానికి అప్పగించిన పనులివి. మధ్యయుగాల జంతుగ్రంథాలన్నీ ఈ కథను మోసుకొచ్చాయి. సి.ఎస్. లూయిస్ మధ్యయుగ సాహిత్యానికి ఆచార్యుడు. ఆయన 1950లో ప్రచురించిన తొలి నార్నియా నవలలో సింహం చనిపోయి లేచాక ఏం చేస్తుందో గుర్తు తెచ్చుకోండి. మంత్రగత్తె కోటకు వెళ్లి రాతి బొమ్మలైపోయిన ప్రాణుల మీద ఊదుతుంది. అవి కదులుతాయి. ఆ ఊపిరి ఎక్కడిదో ఇప్పుడు తెలిసింది కదా.

మన ఊళ్లకు వద్దాం. అమరావతి ఫలకాల మీద చెక్కిన స్తూపాల ద్వారం దగ్గర సింహాలు ఊరికే కూర్చొని ఉంటాయి. కూర్చోవడమే వాటి పని. బెజవాడ కనకదుర్గమ్మ సింహం మోస్తుంది, మహిషుడి మీదికి దూకుతుంది. దేవీమాహాత్మ్యంలో దాన్ని అమ్మవారికి ఇచ్చింది హిమవంతుడు. చిన్నయసూరి నీతిచంద్రికలో పింగళకుడనే సింహం నీళ్లు తాగడానికి వెళ్లి ఎద్దు రంకెకు బెదిరి వెనక్కి తిరుగుతుంది. రాజైతే మాత్రం ఏం, నక్కల మాట విని చెడిపోయే రాజు.

నరసింహుడి లెక్క వీటన్నిటికీ వేరు. హిరణ్యకశిపుడు అడిగిన వరం ఒక న్యాయవాది రాసిన దస్తావేజు. మనిషి వల్లగాని మృగం వల్లగాని, పగలుగాని రాత్రిగాని, ఇంటా బయటా, ఆయుధంతో చావు రాకూడదు. ఆ దస్తావేజులో మిగిలిన సందులన్నీ వెతికి పట్టుకున్న రూపం నరసింహుడు: మనిషీ మృగమూ కాని ఒళ్లు, సంధ్యవేళ, గడప, గోళ్లు. ఇక్కడ సింహం పని హద్దుల మధ్య నిలబడటం. సగమే సింహం కావడం ఈ కథకు ప్రాణం, పూర్తి సింహమైతే వరం గెలిచేది. ఆకుపచ్చ సింహంతో దీన్ని ముడిపెడితే ఈ సొగసంతా పోతుంది.

మంగళగిరి కొండమీద స్వామికి ఇంకో పని ఉంది, అది నాకు చాలా ఇష్టం. పానకం తాగడం. అర్చకుడు శంఖంతో బెల్లపు పానకం నోట్లో పోస్తుంటే లోపల గుటకల చప్పుడు వినిపిస్తుంది. ఒక దశలో ఆ చప్పుడు ఆగిపోతుంది, మిగిలిన సగం మన చేతికి ప్రసాదంగా వస్తుంది. అంత బెల్లం ఉన్నచోట చీమ కనపడదని భక్తులు చెప్పుకుంటారు. పేగులు మెడలో వేసుకున్న ఉగ్రమూర్తి ఇక్కడ తీపి తాగి సగం తిరిగి ఇస్తాడు. నరసింహుడంటే ఉగ్రం అని రాసేసే నిఘంటువు ఈ సగాన్ని ఎక్కడ పెడుతుంది?

ఒక చిన్న పక్కదారి. ఆ కొండ ఒకప్పుడు అగ్నిపర్వతమనీ, లోపలి గంధకాన్ని బెల్లం చల్లారుస్తుందనీ, పానకం వెనక సైన్సు ఇదేననీ చాలామంది చెబుతారు. రసశాస్త్రం తెలిసినవాడిగా నాకు ఇది వినడానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ ఆ కొండ తూర్పు కనుమల శ్రేణికి చెందిన ప్రాచీన రూపాంతర శిల, లావా గడ్డకట్టిన రాయి కాదు. తోడేలు వెనక ఆంటిమొనీ ఉన్నంత మాత్రాన ప్రతి కథ వెనకా ఒక రసాయనం ఉండాలన్న నియమం లేదు.

మీ కొండవీడు కథ సంగతి. రెడ్డిరాజుల కాలం, అంటే 1325 నుంచి 1424 మధ్య అనుకుంటున్నారు కదా. అక్కడ బతికిన సింహాన్ని తిప్పకండి. చరిత్రలో మన దేశపు సింహాల సంచారం నర్మదకు ఉత్తరానే. ఇప్పుడు మిగిలింది గుజరాత్‌లోని గిర్ ప్రాంతంలోనే, 2025 లెక్కల్లో 891. నల్లమల మృగం పులి. మీ రసవాది సింహాన్ని గుడి స్తంభం మీదో, కలలోనో, ఆముదం శ్లోకంలోనో చూడనివ్వండి. బంగారం కథకు మీరు ఐరోపా దాకా పోనక్కర్లేదు. శ్రీశైలం నుంచి పరుసవేది తెచ్చిన కోమటి, దాన్ని కాజేసిన రెడ్డి, ఆ పాప పరిహారంగా వంశంలో నిలిచిన వేమ నామం, ఇదంతా కొండవీటి చుట్టూ జనం చెప్పుకునేదే. ఇంకా పాతది కావాలంటే ఏడో శతాబ్దంలో మన దేశానికి వచ్చిన చైనా యాత్రికుడు హ్యుయాన్‌త్సాంగ్ రాసిపెట్టిన కథ ఉంది. సాతవాహన రాజు కట్టిస్తున్న విహారానికి డబ్బు చాలకపోతే నాగార్జునుడు రాళ్ల మీద ఔషధం చల్లి బంగారం చేశాడట. బౌద్ధ తాత్వికుడు నాగార్జునుడు వేరు, చాలా తర్వాత వచ్చిన రససిద్ధుడు వేరు అని గుర్తుంచుకుంటే చాలు. కథలో ఇద్దర్నీ కలిపినా నేను తగాదా పెట్టుకోను, జనం ఎప్పుడో కలిపేశారు.

నన్నడిగితే సింహం స్థానంలో కప్పను పెట్టండి. నెల్లూరు సీమలో గూడూరు వైపు అభ్రకం దొరుకుతుంది. అక్కడి నుంచి వచ్చిన వర్తకుడు వజ్రాభ్రకమని చెప్పి మీ రసవాదికి ఒక మూట అంటగడతాడు. రాత్రి పొయ్యిలో వేస్తే ముక్కలు టపటపా ఎగిరి ఇంటినిండా పడతాయి. శాస్త్రం చదివిన పాఠకుడికి మోసం అక్కడే అర్థమవుతుంది, చదవనివాడికి భయమేస్తుంది. అభ్రకం ముక్కను మీరు కూడా నిప్పుల మీద వేసి చూడవచ్చు, కాస్త దూరంగా నిలబడండి, కళ్లకు అద్దాలు పెట్టుకోండి. పాదరసాన్ని మాత్రం కథలోనే ఉంచండి. పగిలిన థర్మామీటరులోది సీసాలో పట్టి తెచ్చి, కజ్జలి నూరి చూస్తానని ఒక కుర్రవాడు నా దగ్గరికి వచ్చాడు. దాని ఆవిరికి రంగూ వాసనా ఉండవు, ఊపిరితిత్తుల్లోకి వెళితే నరాలను దెబ్బతీస్తుంది. ఆ సీసాకు గట్టిగా మూత బిగించి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవారికి అప్పగించమని చెప్పి పంపించాను.